స్క్రూడ్రైవర్ పిడి మీద పళ్ళగాట్లు

పామిడి,
ఆగస్టు 14, 2023

పుష్పావతికి,

క్షేమంగా చేరాను. కదిరి నుంచి అనంతపురం దాకా సీటు దొరికింది, అక్కడి నుంచి నిలబడే వచ్చాను. హాస్టలు ఊరికి దూరంగా రోడ్డు పక్కన ఉంది. ఇక్కడ ఫోనుకు సిగ్నల్ అందదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి. ఫోన్ చేయొద్దు, చేసినా దొరకను.

కోర్సు పేరు ఎలక్ట్రోమెకానికల్ అండ్ మెయింటెనెన్స్ టెక్నాలజీ. రాసుకోవడానికే నోటుబుక్కులో రెండు వరుసలు పట్టింది. క్లాసులో ఇరవై ఇద్దరం. నేను తప్ప అందరూ పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ వాళ్ళు. మొదటి రోజు నేను లోపలికి పోతూనే అందరూ లేచి నిలబడి 'గుడ్ మార్నింగ్ సార్' అన్నారు. నేను పోయి మొదటి బెంచీలో వాళ్ళ పక్కనే కూర్చునేసరికి సగం మంది నవ్వారు, సగం మంది పుస్తకాలు సర్దుకున్నారు.

పాఠం చెప్పే భరత్‌కుమార్ సారుకు ఇరవై ఆరేళ్ళుంటాయి. నేను మోటార్ల రిపేరు అంగడి తెరిచి కూడా అన్నే ఏళ్ళు. మోటారు అంటే ఏమిటో చెప్పమన్నాడు. "తిరిగేది సార్" అన్నాను. ఆయన బోర్డు మీద 'విద్యుత్ శక్తిని యాంత్రిక శక్తిగా మార్చు సాధనము' అని రాసి, కింద గీత గీశాడు. ఇన్నాళ్ళూ నేను ఇంత పెద్ద పని చేస్తున్నట్టు నాకే తెలియదు.

నీళ్ళ ఆఫీసు ఏఈ సారు చెప్పింది గుర్తుంది కదా. వచ్చే జూన్ లోపల సర్టిఫికెట్ చూపిస్తేనే పంపుహౌస్ పని మనకుంటుంది. లేకుంటే పద్దెనిమిది పల్లెలకు తాగే నీళ్ళు తోడే ఆ మోటార్లు ఇంకొకరి చేతిలోకి పోతాయి. బోర్లన్నీ ఎండిపోతున్న ఊళ్ళో రైతుల మోటార్లనే నమ్ముకుంటే అంగడి నిలబడదు. కాబట్టి ఈ వయసులో నేను బడికి పోతున్నానని నవ్వేవాళ్ళను నవ్వనీ.

అంగడి షట్టర్ తెరిచి కూర్చో. ఎవరన్నా మోటారు తెస్తే, నేను నెలాఖరు ఆదివారం వస్తానని చెప్పు. నువ్వు మాత్రం దేన్నీ ముట్టుకోవద్దు.

ఇట్లు,
ఎర్రప్ప


కదిరి,
ఆగస్టు 22

శ్రీవారికి,

మీ ఉత్తరం చేరింది. పోస్టుమాన్ గిరి అది నా చేతికిస్తూ, "ఎవురన్నా పోయినారా అక్కా?" అని అడిగాడు. చేత్తో చిరునామా రాసిన కవరు చూసి చాన్నాళ్ళయిందట. మా ఆయన చదువుకుంటున్నాడని చెప్పాను. దానికీ అదే మొహం పెట్టాడు.

పామిడిలో సిగ్నల్ లేదని రాశారు. మన వెనకింటి లలితమ్మ చెల్లెలు కాపురం పామిడిలోనే. రోజూ వీడియోలో ఆ పూట చేసిన కూర చూపిస్తుంది. వాళ్ళ వంటింటి దాకా వచ్చిన సిగ్నల్ మీ హాస్టలు గోడ దగ్గర ఎందుకు నిలిచిపోతుందో మీ భరత్‌కుమార్ సారునే అడగండి. మెయింటెనెన్స్ కోర్సే కదా, చెప్తాడు.

అంగడి తొమ్మిదింటికి తెరుస్తున్నాను. దేన్నీ ముట్టుకోవడం లేదు. కుళ్ళాయప్ప కాలిపోయిన మోటారు ట్రాక్టర్లో వేసుకొచ్చాడు. నెలాఖరు ఆదివారం రమ్మంటే, "అంతవరకు నా చెనిక్కాయ చెట్లకు నువ్వు బిందెతో మోస్తావా అక్కా?" అన్నాడు. మోస్తాననీ అనలేదు, మోయననీ అనలేదు. మోటారు దింపి పోయాడు. ఒక మూలన ఉంది.

పుస్తకంలో ఏదన్నా అర్థం కాకుంటే రాయండి. మీరు పదో తరగతి మూడోసారికి గట్టెక్కారు. నేను ఒకేసారి, అదీ ఫస్టు క్లాసు. ఈ మాట పెళ్ళయినప్పటి నుంచి చెప్పాలని ఉండేది, మీరు వినిపించుకుంటే కదా.

పుష్పావతి


పామిడి,
అక్టోబరు 31

పుష్పావతికి,

మొన్న వచ్చినప్పుడు మాట్లాడటానికి తీరిక దొరకలేదు. ఇక్కడి సంగతులు వినాలని నీకు ఉంటుందని రాస్తున్నాను.

మా ల్యాబులో నాలుగు మోటార్లున్నాయి. పచ్చరంగు వేసి, తుడిచి, పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టినట్టు పెట్టారు. ఏదీ తిరగదు. తిప్పితే పాడవుతాయని తిప్పరట. ఆయుధపూజ నాడు నా పక్క బెంచీలో కూర్చునే నాగజ్యోతి అనే అమ్మాయి మీటరు అద్దం మీదే పెద్ద కుంకుమబొట్టు పెట్టింది. అప్పటి నుంచి ఎంత ఓల్టేజీ వచ్చినా మధ్య అంకె కనపడదు. ఆ పిల్ల మంచిది. సారు చెప్పేదంతా చకచకా రాస్తుంది. నేను దాని పుస్తకం చూసి ఎత్తి రాసుకుంటాను.

పోయిన వారం కాలేజీ బోరు మోటారు నిలిచిపోయింది. మూడు రోజులు ట్యాంకరు నీళ్ళతో మొహాలు కడుక్కున్నాం. నాలుగో రోజు భరత్‌కుమార్ సారు నా బెంచీ దగ్గరికి వచ్చి, "ఎర్రప్పన్నా, రొంత చూస్తావా?" అన్నాడు. క్లాసులో ఎర్రప్పను, బోరు దగ్గర ఎర్రప్పన్నను. గంటలో నీళ్ళు తెప్పించాను. మరుసటి రోజు సారు 'బోరు మోటారులో లోపం కనుగొనుటకు ఎనిమిది మెట్లు' అని పాఠం చెప్పాడు. నేను చేసిన పని ఆ ఎనిమిదింటిలో ఒక్కటీ లేదు. పరీక్షలో నేను ఏం చేశానో అదే రాశాను. పదికి నాలుగు వేశాడు.

ఇంకొక మాట. నిన్న తిరిగే మోటారు దగ్గర నోట్లో స్క్రూడ్రైవర్ పెట్టుకున్నానని అందరి ముందూ కోప్పడ్డాడు. చేతులు ఖాళీ లేక నోట కరుచుకున్నాను, అంతకంటే ఏమీ లేదు. పాత అలవాటు.

ఇట్లు,
ఎర్రప్ప


కదిరి,
నవంబరు 6

శ్రీవారికి,

చేతులు ఖాళీ లేనివాడు స్క్రూడ్రైవర్‌ను అడ్డంగా కరుచుకుంటాడు. పిడి చివర కొరకడు.

మన అంగట్లో ఆరు స్క్రూడ్రైవర్లున్నాయి. నాలుగింటి పిడుల చివర పళ్ళగాట్లున్నాయి. మొదట ఎలుకలనుకున్నాను. బోను కూడా పెట్టాను. కానీ పక్కనే చెనిక్కాయల సంచి పెట్టుకుని ప్లాస్టిక్కు కొరికే ఎలుక ఈ కదిరిలో ఉంటుందా? ఒకరోజు తిరిగే మోటారు మీద కొన ఆనించి, పిడిని నేనూ పళ్ళ మధ్య పెట్టుకుని చూశాను. చప్పుడు దవడలోకి, అక్కడి నుంచి తలలోకి వచ్చింది. రెండు చెవుల్లో దూది కుక్కుకుని చూశాను. అప్పుడూ వచ్చింది.

అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. మీ చెవులు పోయినందుకు కాదు. నాకు చెప్పనందుకు. వంటింట్లోంచి పిలిస్తే పలకరు, పక్కన కూర్చుని చెప్తే వేరే దిక్కు చూస్తారు. ఈ మనిషికి పొగరు ముదిరిందని మూడేళ్ళు మిమ్మల్ని తిట్టుకున్నాను. మా అమ్మతో కూడా అన్నాను. ఇప్పుడు ఆ మాటలన్నీ ఎలా వెనక్కి తీసుకోను?

నెలాఖరున మీరొచ్చినప్పుడే అడగాలనుకున్నాను. కానీ మీకు వినపడేలా అడగాలంటే వీధంతా వినాలి. మీ గుట్టు మీకే చెప్పడానికి ఉత్తరం తప్ప దారి లేదు. మీ సిగ్నల్ సంగతి కూడా ఇప్పుడు అర్థమైంది.

గుట్టు విప్పే రోజు కాబట్టి నాదీ చెప్తున్నాను. కుళ్ళాయప్ప మోటారుకు కాలిన తీగ తీసి కొత్తది నేనే చుట్టాను. ఇరవై ఏళ్ళుగా కాగితాలు కత్తిరించి స్లాట్లలో దూర్చింది నేను, తీగలు దారంతో కట్టింది నేను. మధ్యలో చుట్టడం ఒక్కటే మీరు చేసింది. అది బ్రహ్మవిద్య కాదు. కుళ్ళాయప్ప చేన్లో రెండు నెలలుగా తిరుగుతోంది. ఆ తర్వాత ఇంకా ఏడు చుట్టాను. మీరు వచ్చి చుట్టి పోయారని చెప్పాను.

పుష్పావతి


పామిడి,
నవంబరు 19

పుష్పావతీ,

ముట్టుకోవద్దన్నానా లేదా? కరెంటుతో ఆటలా? నీకేమన్నా అయితే? తీగ ఏ గేజీ వాడావు? వార్నిష్ రెండుసార్లు పూశావా? ఎండబెట్టింది ఎక్కడ? వెంటనే రాయి.

ఇది రాసి రెండు రోజులు కవరులో పెట్టకుండా ఉంచాను.

చెవుల సంగతి నిజమే. మొదట స్టార్టర్ పడే 'టక్కు' వినపడడం మానేసింది. మోటారు పట్టుకుందో లేదో రైతు మొహం చూసి తెలుసుకునేవాణ్ణి. వాడు నవ్వితే తిరిగినట్టు. తర్వాత నీ మాటలు పోయాయి. వినపడలేదని చెప్పడం కంటే వినిపించుకోనట్టు ఉండటం తేలికనిపించింది. పొగరుబోతు మెకానిక్ దగ్గరికి జనం వస్తారు. చెవిటి మెకానిక్ దగ్గరికి ఎవరొస్తారు? మోటారు జబ్బు చెవితో పట్టేవాడు ఎర్రప్ప అని కదా నాకు పేరు.

ఇక్కడికి వచ్చింది సర్టిఫికెట్ కోసమే కాదు. చెవి చేసే పని చేసే మీటర్లు వచ్చాయని, బేరింగు ఎంత అదురుతోందో అంకెల్లో చూపిస్తాయని విన్నాను. అవి వాడటం నేర్చుకుంటే ఎవరికీ తెలియకుండా ఇంకో పదేళ్ళు నెట్టుకురావచ్చనుకున్నాను. అంకెలు కళ్ళతో చూసేవే కదా. నీకు చెప్పకపోవడం తప్పు. నాకు భయం వేసింది.

ఎనిమిది మోటార్లలో ఒక్కటీ తిరిగి రాలేదా?

ఎర్రప్ప


కదిరి,
ఫిబ్రవరి 10, 2024

శ్రీవారికి,

వార్నిష్ రెండుసార్లే. ఎండబెట్టింది మిద్దె మీద. మన సీమలో ఎండకు కూడా కరువా? ఒక్కటీ తిరిగి రాలేదు. ఈ జవాబు పోయిన రెండు ఉత్తరాల్లోనూ రాశాను. మీరు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు, వచ్చి ఉంటే బాగుండునన్నట్టు.

సోమవారం పంపుహౌస్‌లో పెద్ద మోటారు నిలిచిపోయింది. ఏఈ సారు ఫోన్ చేశాడు. సంచి తీసుకుని ఆటోలో పోయాను. నేను అడిగితే మీరు పంపిన క్లాసు నోట్సులో మోటారు మొదలు కాకపోవడానికి పదిహేడు కారణాలున్నాయి. ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. స్టార్టర్ పెట్టె తెరిస్తే రెండు కాంటాక్టుల మధ్య బల్లి ఇరుక్కుని ఉంది. పద్దెనిమిదో కారణం కింద రాసుకోండి. మెయిన్ దించి, దాన్ని తీసి, ఉప్పుకాగితంతో రుద్ది వేశాను. పట్టుకుంది.

ఏఈ సారు వచ్చి, "మీ ఆయన యాడమ్మా?" అన్నాడు. ఏం చెప్పను? "బయటికి పోయినాడు సార్, ఇప్పుడొస్తాడు" అన్నాను. ఆయన పాపం అరగంట కాచుకున్నాడు. పోతూ, "ఏమమ్మా, కడుపు బాగలేదేమో, మందు తీసుకోమను" అని చెప్పి పోయాడు. రిజిస్టరులో మీ సంతకం నేనే పెట్టాను. ఆగస్టు నుంచీ నేనే పెడుతున్నాను. మీ సంతకం కంటే బాగుంటుంది. జూన్ మాత్రం మరిచిపోలేదట, గట్టిగా చెప్పమన్నాడు.

పెద్ద మోటార్లు మొదలుపెట్టే స్టార్-డెల్టా పాఠం నోట్సులో సగమే ఉంది. మిగతాది నాగజ్యోతి పుస్తకం చూసి రాసి పంపండి. ఆసక్తిగా ఉంది.

పుష్పావతి


పామిడి,
మే 18

పుష్పావతికి,

ప్రాక్టికల్ పరీక్ష నిన్న అయిపోయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. ఒకే ఇనుప బల్లకు బిగించి మూడు మోటార్లు తిప్పారు. అవును, తిప్పారు, ఏడాదికి ఈ ఒక్కరోజు. ఒకదానిలో బేరింగు పోయింది, అది ఎన్నో మోటారో కనిపెట్టి రాయాలి. నేను ఏ మీటరు కోసం ఇంతదూరం వచ్చానో అదే బల్ల మీద పెట్టారు. బటను నొక్కితే వెలగలేదు. లోపల సెల్లు అయిపోయింది. మెయింటెనెన్స్ కోర్సు మీటరుకు సెల్లు వేసేవాడు లేడు. ఎగ్జామినర్ గడియారం చూసుకుని, "చెవితో విని రాసేయండి" అన్నాడు. నాగజ్యోతి ఆ మాట కాగితం మీద రాసి చూపించింది.

అరచేయి ఆనించి చూశాను. బల్ల బల్లంతా అదురుతుంటే ఏం తెలుస్తుంది? స్క్రూడ్రైవర్ పళ్ళకు పెట్టుకుంటానని అడిగాను. పుస్తకం మొదటి పేజీలోని భద్రత పాఠం చూపించి, చేయి అడ్డంగా ఊపాడు. అప్పుడు నాగజ్యోతి చేయి వెనక్కి పెట్టి రెండు వేళ్ళు చూపించింది. రెండో మోటారు. అందరూ అదే రాశారు. నాకు కనపడింది. పెన్ను కాగితం మీద పెట్టాను కూడా. ఆ రెండు వేళ్ళతో సర్టిఫికెట్ వస్తుంది, పంపుహౌస్ ఉంటుంది, అంగడి ఉంటుంది.

కానీ రేపు పంపుహౌస్‌లో వేళ్ళు ఎవరు చూపిస్తారు? ఎవరిదో చెవితో నేను బాగుందని రాసిన మోటారు ఎండాకాలంలో బిగుసుకుపోతే, పద్దెనిమిది పల్లెల ఆడోళ్ళు బిందెలు పట్టుకుని ఎక్కడికి పోవాలి? 'నాకు చెవులు వినపడవు. మీటరు పనిచేస్తే చెప్పగలను' అని రాసి సంతకం పెట్టి ఇచ్చేశాను. ఎగ్జామినర్ అది చదివి నన్ను పైకీ కిందికీ చూశాడు. ఏమన్నాడో వినపడలేదు.

అందరూ పోయాక అటెండరును బతిమాలి, మూడింటి మీదా స్క్రూడ్రైవర్ ఆనించి చూశాను. పోయింది రెండోది కాదు, మూడోది. పోయినేడు రెండోదేనట. తర్వాత మోటార్లు అటూ ఇటూ మార్చి, జవాబు కాగితం మాత్రం పాతదే ఉంచారు. రాత పరీక్షలో నేను బాగా రాశాను. ప్రాక్టికల్లో ఇరవై ఒక్కమంది పాసు, నేను ఒక్కణ్ణి ఫెయిలు.

నన్ను క్షమించు. అంగడి నిలబెట్టలేకపోయాను.

ఎర్రప్ప


కదిరి,
మే 25

శ్రీవారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గిరి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, ఈసారి నిజంగానే ఎవరో పోయారనుకుని.

మీరు ఆ రెండు వేళ్ళు చూసి రాసి ఉంటే నేను ఏమీ అనేదాన్ని కాదు. మంచిదే అయిందనుకునేదాన్ని. రాయలేదు కాబట్టి చెప్తున్నాను, మిమ్మల్ని కట్టుకున్నందుకు ఇంత గర్వం నాకు ఎప్పుడూ కలగలేదు. ఇది అరిచి చెప్పాలని ఉంది. వీధంతా విన్నా ఫరవాలేదు.

ఏఈ సారు దగ్గరికి నిన్న పోయాను. బల్లి నుంచి సంతకాల దాకా అంతా ఒప్పుకున్నాను. కాసేపు తల పట్టుకున్నాడు. తర్వాత, "ఇన్నాళ్ళూ మోటార్లు చూసింది నువ్వామ్మా?" అన్నాడు. అవునన్నాను. "పదో తరగతి పాసయినావా?" అన్నాడు. ఆ మాట అడిగినందుకు ఆయనకు దండం పెట్టాలనిపించింది. కోర్సులో చేరినట్టు కాగితం చూపిస్తే ఇంకో జూన్ దాకా పని మనకే ఉంచుతాడట.

నా దరఖాస్తు దీనితో పాటు పంపుతున్నాను. ఆడపిల్లల హాస్టలుకు తండ్రి లేదా భర్త సంతకం కావాలట. ఈ ఒక్క సంతకం మాత్రం మీరే పెట్టాలి, నేను పెట్టను. పెట్టి, వచ్చేటప్పుడు కాలేజీ ఆఫీసులో ఇచ్చి రండి.

వచ్చిన మరుసటి రోజే చెవుల డాక్టరు దగ్గరికి పోతున్నాం. సిగ్నల్ లేదని చెప్పొద్దు.

పుష్పావతి


కదిరి,
ఆగస్టు 20

పుష్పావతికి,

చేరినట్టు నువ్వు చేసిన ఫోన్ బాగానే వినపడింది. అయినా ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనియ్యవు.

చెవిలో మిషన్ పెట్టుకున్నప్పటి నుంచి లోకంలో ఇంత చప్పుడు ఉందా అనిపిస్తోంది. ట్యూబులైటు గీపెడుతుంది, నా నోట్లో అన్నం నాకే వినపడుతుంది. కుళ్ళాయప్ప చూసి, "ఏమన్నా, మెకానిక్కుకే రిపేరా?" అని నవ్వాడు. వెనకే ఇంకో మోటారు దించాడు. నేను భయపడినట్టు ఎవరూ పారిపోలేదు. మునుపటికంటే గట్టిగా అరుస్తున్నారు, అంతే. వంట నేనే చేసుకుంటున్నాను, దాని గురించి అడగొద్దు. నువ్వు చుట్టిన మోటారొకటి విప్పి చూశాను. కట్టు నాదానికంటే నీటుగా ఉంది. ఈ మాట ఎదురుగా చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

నిన్న పంపుహౌస్ రిజిస్టరు కొత్తది తెరిచారు. ఏఈ సారు నలుగురు మనుషులతో వచ్చి కూర్చున్నాడు.

"మెకానిక్ ఎవురప్పా?"

"నా భార్య పుష్పావతి సార్. పామిడిలో చదువుతాంది. నెలాఖరున వచ్చి చూసిపోతాది."

"మరి నువ్వు?"

"హెల్పర్ సార్" అన్నాను. "హెల్పర్‌కు కూడా సర్టిఫికెట్ కావల్లా సార్?"

"ఏమీ అక్కర్లేదప్పా. పెండ్లాం పిలిస్తే వినపడితే సాలు" అన్నాడు. నలుగురూ నవ్వారు. మిషన్ మంచిది, ఎవరి నవ్వు ఏదో విడివిడిగా తెలిసింది.

నేను చెవిలోంచి మిషన్ తీసి జేబులో వేసుకుని, "ఏమంటిరి సార్?" అన్నాను. ఆయన నోరు ఇంకొంచెం పెద్దగా తెరిచి మళ్ళీ చెప్పాడు. ఈసారి ఇద్దరే నవ్వారు. చెయ్యి చెవి వెనక పెట్టుకుని ఇంకోసారి అడిగాను. మళ్ళీ చెప్పాడు, మెడ నరాలు పొంగాయి. ఎవరూ నవ్వలేదు. నాలుగోసారి అడిగేసరికి ఆయన తల వంచుకుని రిజిస్టరులో నీ పేరు రాసి, సంతకం పెట్టి లేచిపోయాడు.

ఇట్లు,
నీ హెల్పర్
ఎర్రప్ప